ఫ్యాను కింద బెంచీ

"మనిషికి ఇద్దరు. ఒకరు పొరుగువాళ్లు, ఒకరు కుర్రకారు. వచ్చే నెల మొదటి ఆదివారం మీతో పాటు తీసుకురావాలి." పాస్టరు గారు పెట్టిన ఈ లెక్కని మైకులో చదివింది సంఘ కార్యదర్శినైన నేనే. "కరపత్రాలు పంచి చేతులు దులుపుకోవద్దు, గడప తొక్కి నోటితో పిలవండి" అని సొంత కవిత్వం కూడా కలిపాను. అప్పుడు స్త్రీల వైపు నుంచి మా ఆవిడ చూసిన చూపుకి అర్థం నాకు ఆలస్యంగా తెలిసింది.

పిలవడం విషయంలో ఒంగోలు వాళ్లకి గర్వం కాస్త ఎక్కువే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న మాట మాకు ఎక్కంలా నోటికొచ్చు. మిషనరీ క్లౌ దొర ఆ రోజు ఒక్కరినీ ముంచలేదు. ఆరుగురు మనవాళ్లే ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. అంతకు ముందు తోళ్ల బేరం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరూ నడిచి అయినవాళ్లకి చెప్పుకుంటూ పోయాడు. మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. ఇంత చరిత్ర వెనకేసుకున్న నాకు ఎదురు ఫ్లాటు దాకా ఏడడుగులు పడలేదు.

నా ఇబ్బంది నాకుంది లెండి. నేను అపార్ట్‌మెంటు అసోసియేషనుకి కూడా కార్యదర్శిని. 24 ఫ్లాట్లలో ఎక్కడ బెల్లు కొట్టినా మెయింటెనెన్స్ కోసమే. అద్దం ముందు మూడుసార్లు చెప్పుకుని ఎదురింటి మాస్టారి తలుపు కొట్టాను. ఆయన నన్ను చూడగానే "ఉండండి, ఉండండి" అని లోపలికెళ్లి 7,500 తెచ్చి చేతిలో పెట్టారు. మూడు నెలల బాకీ. "దీనికింత మొహమాటమా? అడిగితే ఇవ్వనా?" అన్నారు. నేను చెయ్యాల్సింది వచ్చిన పని చెప్పడం. చేసింది జేబులోంచి రసీదు పుస్తకం తియ్యడం. గుడికి పిలవడానికి వెళ్తూ రసీదు పుస్తకం ఎందుకు పెట్టుకున్నానని అడక్కండి.

రెండో అంతస్తులో నా చెప్పుల చప్పుడుకి టీవీ ఆగిపోయింది.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"మూడు నెలలది వసూలైంది."

బీరకాయ చెక్కు తీస్తున్న మనిషి తల కూడా ఎత్తలేదు.

ఇక కుర్రకారు. అయిదో అంతస్తులో ఇంజనీరింగ్ చదివే ముగ్గురున్నారు, ఒకడికి గిటారుంది. "మా చర్చిలో గిటారు వాయించేవాళ్లు కావాలి బాబూ" అని మొదలుపెట్టాను. "తొమ్మిది దాటితే గిటారు వినపడకూడదని లిఫ్టులో నోటీసు పెట్టింది మీరేనా అంకుల్?" అన్నాడు, వెటకారం లేకుండా. నోటీసు కింద నా సంతకం, పైన ముద్ర. అవునని చెప్పి దిగొచ్చేశాను. ఆ రాత్రి కరపత్రాలన్నీ తలుపుల సందుల్లోంచి తోసేశాను. మైకులో వద్దన్నవే.

మా ఆవిడ డాబా మీద వడియాలు పెడుతుంటే ఆ గిటారు పిల్లాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి కూనిరాగం తీస్తున్నాడట. ఏ ఊరని అడిగింది. కందుకూరు అవతల పల్లె. చిన్నప్పుడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని గుడికెళ్లేవాడట. "మరి ఇక్కడ మానేశావే నాయనా?"

"రెండేళ్లయింది, ఎవరూ పిలవలేదాంటీ. ఒక్కడినే వెళ్తే ఎక్కడ కూర్చోవాలో తెలీదు."

"ఆదివారం తొమ్మిదిన్నరకి కిందికి దిగు, కలిసి పోదాం. ముందు ఆ కాకుల్ని తోలు."

అంతే ఆవిడ సువార్త.

ఆ ఆదివారం నేను ఎనిమిదింటికే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. కొంతసేపు వచ్చిన ప్రతివాళ్లకీ వందనాలు, దయచేయండి, దయచేయండి. తర్వాత వెనక గదిలో కానుకల సంచులు సర్దుకుని, మొదటి కీర్తన అయ్యాక లోపలికి వచ్చాను. మూడో బెంచీ, కుడి చివర, సరిగ్గా ఫ్యాను కింద, 18 ఏళ్లుగా నేను కూర్చునే చోట ఎవరో కుర్రాడు. ఒంగోలు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. భుజం తట్టి, నవ్వుతూనే అన్నాను: "బాబూ, ఇది మాది. వెనక ఖాళీ ఉంది."

"సారీ అంకుల్" అని లేచాడు. అప్పుడు చూశాను మొహం. అప్పటికైనా కూర్చోమనాలా? అనలేదు. కూర్చున్నాను. గాలి చల్లగానే తగిలింది, అబద్ధమెందుకు? స్త్రీల వైపు మాత్రం ముగింపు ప్రార్థన దాకా చూడలేదు.

మధ్యాహ్నం కోడికూర. నా కంచంలో మెడ ముక్క, రెండు బంగాళాదుంప ముక్కలు పడ్డాయి. మిగతా కోడంతా స్టీలు క్యారేజీలోకి వెళ్లింది.

"పైన ఇచ్చి రండి" అంది. "నోటితో పిలిచి ఇవ్వండి."

కరెంటు లేదు, లిఫ్టు లేదు. అయిదంతస్తులు ఎక్కి తలుపు కొట్టాను. లోపల గిటారు ఆగిపోయింది.