రాణిగారి ఇంటిపేరు

తొలకరి జల్లు పడిన సాయంత్రం వీధిదీపం కింద రాలిన లావుపాటి చీమని పట్టి గాజుగొట్టంలో వేసుకున్న మనిషికి ముందు పుట్టే కోరిక దాన్ని బతికించుకుందామని కాదు, దాని పేరు తెలుసుకుందామని. అదీ రెండు ముక్కల లాటిన్ పేరు, పూర్తిగా, ఆ రాత్రే కావాలి. ఫోనులో ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపిస్తాడు. ఫొటోలో ముప్పాతిక భాగం ఆయన బొటనవేలు, మిగిలింది మసక. ఆ మసకలోంచి జాతి పేరు తేల్చి చెప్పే మహానుభావులూ దొరుకుతారు. ఈ విషయంలో నా వాదన ఒక్కటే: ఒంటరిగా చిక్కిన రాణి చీమకి ప్రజాతి దాకా పేరు చెబితే అది శాస్త్రం, అక్కణ్ణించి ముందుకు వెళితే చాలాసార్లు జ్యోతిషం. 1758లో లిన్నేయస్ జంతువులన్నిటికీ రెండేసి పేర్లు పెట్టినప్పుడు ప్రజాతిని ముందు, జాతిని తరవాత ఉంచాడు. అంటే తెలుగువాళ్ల పద్ధతే: ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే మనం "ఎవరి తాలూకు?" అని అడుగుతాం. ఇంటిపేరు తెలిస్తే సగం చరిత్ర తెలిసినట్టే కదా, చీమకి మాత్రం ఆ సగం ఎందుకు చాలదు?

అసలు గొట్టంలో ఉన్నది చీమేనా అన్నది మొదటి మెట్టు. ఆ వేళకే ఉసిళ్లూ లేస్తాయి. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే కొలత, మీసాలు తిన్నగా పూసలు గుచ్చినట్టుంటాయి, నడుమన్నది కనబడదు. చీమకి ముందు రెక్కలు పెద్దవి, మీసం మోచేయి మడిచినట్టు వంగుతుంది, నడుము సన్నం. చీమే అని తేలినా అది రాణి కాకపోవచ్చు. చిన్న తల, పెద్ద కళ్లు, బక్క ఒళ్లు ఉంటే ఆయన మగాయన. ఎంత మర్యాద చేసినా ఆయన సంసారం నిలబెట్టడు, త్వరలోనే పోతాడు. రాణికి రొమ్ము భాగం బలంగా ఉబ్బి ఉంటుంది, ఎగిరే కండరాలన్నీ అక్కడే. రెక్కలు విదిల్చేసి ఉంటే వాటి మచ్చలు కనిపిస్తాయి. తరవాత నడుము చూడాలి. అక్కడ ముడి ఒకటా, రెండా? రెండుంటే మిర్మిసినే ఉపకుటుంబం వైపు వెళ్లొచ్చు. ఒకటే ఉండి, పొట్ట కొసన కొండి బదులు చుట్టూ వెంట్రుకలున్న గుండ్రటి చిన్న రంధ్రం కనబడితే ఫార్మిసినే. అందులోనూ మీసాల మొదళ్లు నోటి పై పలక అంచుకి ఎడంగా ఉంటే చాలావరకు కాంపోనోటస్, అంటే మన గండుచీమల ఇల్లు. ఒక మంచి భూతద్దం, కాస్త ఓపిక ఉంటే ఇంతదాకా ఎవరైనా రావచ్చు.

చిక్కంతా ఇక్కణ్ణించే. ఆ ఒక్క ఇంట్లో ప్రపంచం మొత్తం మీద వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిని విడదీసే పట్టికలు ఎక్కువగా శ్రామిక చీమల్ని చూసి రాసినవి. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1851లో దక్షిణ భారతపు చీమల జాబితా వేశాడు. లెఫ్టినెంట్ కల్నల్ బింగమ్ 1903లో బ్రిటిష్ ఇండియా చీమల మీద లావుపాటి సంపుటం రాశాడు. వాళ్లనేం అనగలం? పుట్ట దగ్గర ఏడాది పొడుగునా కనబడేది కూలి జనం, రాణిగారు వానాకాలంలో ఒక్క సాయంత్రం దర్శనమిచ్చి భూమిలోకి వెళ్లిపోతారు. పైగా పిల్లలకి తల్లి పోలిక వస్తుందన్న నమ్మకం చీమల దగ్గర చెల్లదు. మామిడితోటల్లో ఆకులు కుట్టి గూళ్లు కట్టే చీమలు ఎర్రగా ఉంటాయి, వాటిని కన్న తల్లి ఆకుపచ్చగా ఉంటుంది. పోలికల్ని నమ్ముకున్నందుకు పెద్దవాళ్లే బోల్తా పడ్డారు. ఆఫ్రికా డోరిలస్ మగచీమని చూసి 1764లో సాక్షాత్తూ లిన్నేయసే కందిరీగల లెక్కలో వేశాడు. అదే డోరిలస్‌లో ఒక ఆగ్నేయాసియా జాతికి శ్రామిక చీమల్ని బట్టి 1857లో టిఫ్లోపోన్ అనీ, రాణిని బట్టి 1863లో డిక్‌థేడియా అనీ పేర్లు పెట్టారు. ఒకే పుట్టలో కాపురముంటున్న తల్లీకూతుళ్లకి వేరువేరు ఇంటిపేర్లు! రెక్కలూ కళ్లూ లేని ఆ భారీ రాణికీ, ఆ చిన్న కూతుళ్లకీ చుట్టరికం ఉందని ఊహించడం కష్టమే.

నా వాదనకి అభ్యంతరాలు లేకపోలేదు. ఫోన్ యాప్ క్షణంలో పేరు చెబుతోంది కదా అంటారు. ఆ యాప్ చదువుకున్నది ఎవరో పేరు పెట్టిన ఫొటోల దగ్గరే. రాణుల ఫొటోలు తక్కువ, వాటిలో దవడల పళ్లు లెక్కపెట్టగలిగినవి ఇంకా తక్కువ. లెక్కపెట్టలేనిది యాప్‌కైనా కనబడదు. సరే, డీఎన్ఏ ఉందిగా అంటారు. ఉంది, కాలొకటి తుంచి ఇవ్వాలి. ఇచ్చినా, పోల్చి చూసుకోవడానికి ఆ జాతి డీఎన్ఏ వరస ముందే ఎవరైనా నమోదు చేసి ఉండాలి. భారతదేశానికి 2016లో వేసిన పట్టికలో జాతులూ ఉపజాతులూ కలిపి 828 ఉన్నాయి. ప్రతిదానికీ నమ్మదగ్గ వరస సిద్ధంగా ఉందనుకుని రాణిగారి కాలు తీయడం తొందరపాటు. కొన్ని రాణుల్ని చూడగానే జాతితో సహా చెప్పెయ్యొచ్చన్నది మాత్రం నేను ఒప్పుకుంటాను. మన తోటల్లో ఆ ఆకుపచ్చ రాణితో పోటీపడే దగ్గరి చుట్టం మరొకటి లేదు. కానీ అక్కడ పని చేసింది చూసినవాడి ప్రజ్ఞ కాదు, ఆ ఇంట్లో మనుషులు తక్కువ కావడం.

అసలైన అభ్యంతరం వేరే ఉంది: జాతి తెలియకుండా పెంచేదెలా? పెంపకానికి కావలసింది ఇంటిపేరే. కాంపోనోటస్ రాణి తన ఎగిరే కండరాల్నే కరిగించుకుని తొలి బిడ్డల్ని సాకుతుంది. దానికి చీకటి, దూది వెనక కాస్త నీరు, మన దృష్టి తగలకపోవడం, ఈ మూడూ చాలు. రోజుకి నాలుగుసార్లు టార్చి వేసి పేరు కోసం పరిశీలిస్తే బెదిరి తన గుడ్లు తనే తినేస్తుంది. పోనెరినే ఉపకుటుంబపు ఇళ్లలో చాలా రాణులు వేటకి వెళ్లి తెచ్చుకునే రకం. వాటిని ఉపవాసం ఉంచితే చచ్చిపోతాయి. ఇక డయాకామా అయితే ఎంత వెతికినా రాణి దొరకదు, ఎందుకంటే ఆ ప్రజాతికి రాణి అనే పదవే లేదు. శ్రామికుల్లో ఒకతె గుడ్లు పెట్టి రోజులు వెళ్లదీస్తుంది. ఈ మూడు సంగతులూ ప్రజాతి పేరుతోనే తెలిసిపోయాయి, జాతి పేరు అవసరం రాలేదు.

కాబట్టి పేరు కావాలన్న అయ్యలూ అమ్మలూ, కాంపోనోటస్ అని రాసుకుని ఆ పక్కన ఖాళీ వదలండి. కూతుళ్లు పుట్టి పెద్దయ్యాక, వాటిలో తనంతట చచ్చిన ఒకదాన్ని ఆల్కహాలులో వేసి చీమల శాస్త్రం తెలిసినవాళ్లకి పంపండి. పట్టిన ఊరు, తేదీ, రాణి ఎగిరిన వేళ చీటీ మీద రాసి అదే సీసాలో పెట్టండి. చీటీ పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.