టెక్స్టే కదా, అదే చదువుకుంటుంది!

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధరలు చూపే ప్రోగ్రాం రాస్తున్నారా? బటన్లూ బొమ్మలూ లేకుండా నల్ల తెర మీద అక్షరాలతోనే నడిచేదా? అయితే సగం పని అయిపోయినట్టే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల సంగతి ఎవరడిగినా "టెక్స్టే కదా, అదే చదువుకుంటుంది" అనండి. మిగతా సగం కింద ఉంది. శ్రద్ధగా పాటిస్తే చూపులేని రైతు గానీ, కడపలో కోడింగ్ నేర్చుకుంటున్న చూపులేని కుర్రాడు గానీ మీ ప్రోగ్రాంను రెండోసారి తెరవరు. తెరవనివాళ్లు ఫిర్యాదూ చేయరు. మీ సాయంత్రాలు మీవే.

1. మొదలవగానే కొండారెడ్డి బురుజు గీయండి. హ్యాష్ గుర్తులతో 40 వరుసలు పెట్టండి. చూసేవాళ్లకు అది అర సెకను పని. వినేవాళ్లు ఆ గుర్తులన్నీ దాటితే గానీ ధర దగ్గరికి రారు. ప్రతి కమాండ్ తర్వాతా మళ్లీ గీయండి. ఊరి మీద అభిమానమంటే ఎవరూ కాదనలేరు.

2. ఆలస్యమయ్యే చోట చక్రం తిప్పండి. అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే, నిదానంగా చెప్తా. "ధరలు తెస్తున్నాం" అని ఒక వరుస, పని ముగిశాక "వచ్చాయి" అని ఇంకో వరుస రాస్తే వినేవాడికి సరిపోతుంది. కాబట్టి అలా రాయొద్దు. ఒకే వరుసను సెకనుకు పదిసార్లు చెరిపి మళ్లీ రాయండి. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఆ తెర మీద కొత్తగా పడిన అక్షరాలను చదువుకుంటూ పోతుంది గనక, అసలు ధర వచ్చేసరికి అది ఇంకా గీతలూ చుక్కలూ అప్పజెబుతుంటుంది. పక్కన శాతం కూడా పెట్టండి, 1 నుంచి 100 దాకా ఒక్కటీ వదలకుండా. ఈ చక్రాల్లో చాలావాటిని యూనికోడ్‌లోని బ్రెయిలీ చుక్కలతోనే చేస్తారు. అవే వాడండి. ఎవరైనా నిలదీస్తే "బ్రెయిలీ కూడా పెట్టినామప్పా" అనొచ్చు. ఇంత మంచి సాకు ఇంకెక్కడా దొరకదు.

3. ధర ఎక్కిందో దిగిందో రంగుతోనే చెప్పండి. ఎక్కితే ఆకుపచ్చ, దిగితే ఎరుపు. మాట రాయొద్దు, కనీసం ప్లస్ గుర్తు కూడా వద్దు.

4. అంకెలన్నీ గీతల డబ్బాలో పెట్టండి. కనిష్ఠం, గరిష్ఠం అనే పేర్లు పైన ఒక్కసారే రావాలి. కింద ఇరవయ్యో వరుస వినేవాడికి ఏ అంకె దేనిదో తెలియకూడదు. "కర్నూలు, కనిష్ఠ ధర ఇంత, గరిష్ఠ ధర ఇంత" అని సాదాగా చెప్పే ఆప్షన్ కావాలని ఎవరైనా పట్టుబడితే, దాన్ని హెల్ప్‌లో రాయండి. కోడ్‌లో రాయొద్దు.

5. ప్రోగ్రాం అడిగే ప్రశ్నకు జవాబివ్వడానికి 5 సెకన్ల గడువు పెట్టండి. ప్రశ్న వినడం పూర్తయ్యేలోపు ప్రోగ్రాం మూతపడాలి.

6. వాడే పద్ధతి మీద పుస్తకం ఇవ్వండి, అయితే డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించండి. కంటికి చక్కటి తెలుగు. లోపల ఉండేది యూనికోడ్ కాదు గనక స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని అక్షరాలే అందుతాయి. ఇంకా ధీమా కావాలంటే ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పీడీఎఫ్ చేయండి. అప్పుడు ఆ అక్షరాలు కూడా మిగలవు.

7. మానిటర్ ఆపేసి మీ ప్రోగ్రాంను మీరే వినే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు. ఎన్‌వీడీఏను 2006లో మైఖేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెట్టాడు, అది ఉచితం. ఈ సంగతి మీ టీంలో ఎవరికీ తెలియనివ్వకండి. "స్క్రీన్ రీడర్ కొనాలంటే వేలల్లో ఖర్చు" అని జాస్ అనే ఖరీదైన స్క్రీన్ రీడర్ పేరు చెప్పి ముగించండి.

8. చట్టానికి బెదరొద్దు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. మీరు ఆ చట్టంలోని జరిమానా చూసుకోండి చాలు: మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిదానికీ 50,000 నుంచి 5 లక్షల దాకా. కాబట్టి రెండో ప్రోగ్రాం బామ్మర్ది పేరు మీద విడుదల చేయండి.

9. ఇంత చేసినా ఎవడో ఒకడు నంబర్ సంపాదించి ఫోన్ చేస్తాడు. "అన్నా, ఏం చెప్తాందో అర్థం కాలేదన్నా" అంటాడు. ప్రేమగా మాట్లాడండి. "స్క్రీన్‌షాట్ పంపు తమ్ముడూ, చూస్తా" అనండి. పంపితే "వచ్చే వెర్షన్‌లో పెడదాం" అనండి. ఆ వెర్షన్ వచ్చేనాటికి మీరు బెంగళూరులో వేరే కంపెనీలో ఉంటారు.