ఎర్రపేలిక కట్టిన పెట్టె

నా పిడికి ఎర్రటి గుడ్డపేలిక ఒకటి కట్టి ఉంటుంది. సిరిసిల్ల సాంచా (మరమగ్గం) మీద నేసిన పాలిస్టర్ ముక్క అది. 1996లో జగిత్యాల టవర్ దగ్గరి దుకాణంలో నన్ను కొన్ననాడు, కొన్నాయన బావ సిరిసిల్ల నుంచి వచ్చి తన సంచిలోంచి తీసి రెండు ముళ్లు వేశాడు. "అక్కడ పెట్టెలన్నీ ఒక్కతీరుగనే ఉంటయట. ఇది జూసి గుర్తుపట్టు బామ్మర్దీ" అన్నాడు. ఆయన అప్పటికి విమానాశ్రయం గడప తొక్కి ఎరగడు. అయినా అక్కడ ఏం తప్పిపోతుందో ముందే ఊహించి, చేతికి దొరికినదానితో ఉపాయం చేశాడు.

నాది కోరుట్ల. నన్ను కొన్నాయనను ఆ ఇంటి బిడ్డ పిలిచినట్టే నేనూ బాపు అంటాను. ఆ రోజుల్లో మా వైపు వాళ్లు దుబాయి పోవాలంటే ముందు బొంబాయి బస్సెక్కేవాళ్లు. బస్సు మీద తాళ్ల కింద పడుకుని పోయాను నేను. కడుపులో రెండు లుంగీలు, సకినాల డబ్బా, మామిడి తొక్కు సీసా. బీడీలు చుట్టే చేతులతోనే అమ్మ సర్దింది కాబట్టి అన్నిటికీ తునికాకు వాసన. వచ్చేటప్పుడు కంబళి, ఖర్జూరాలు, టాంగ్ డబ్బా. కొన్నేళ్లకు బేగంపేట నుంచి ఎగిరాం. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక అదే మా దారి.

బాపు చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్ దేశాలకు కొలువుకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే వాళ్ల పాస్‌పోర్టులను వేరుగా ఇసిఆర్ పాస్‌పోర్టులంటారు. అంటే బోర్డు చదవడం ఎవరికి కష్టమో పాస్‌పోర్టే ముందుగా చెబుతోంది. ఆ సంగతి కాగితాల తనిఖీకి పనికొచ్చింది గాని, ఆ మనిషికి దారి చూపడానికి ఎవరూ వాడలేదు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

పెట్టెల లోకం వేరు. కౌంటర్ దగ్గర నా పిడికి చీటీ చుడతారు. దాని మీద పది అంకెల నంబరు. అక్కడి నుంచి నా పేరు అదే. బెల్టు మీద పోతుంటే ఎర్ర కాంతి ఆ గీతలను చదువుతుంది, చీటీ మడతపడితే చదవలేదు, అప్పుడు మనిషి చేయి పడాలి. ఒకసారి విమానం మారేచోట నేను వెనకబడిపోయాను. చీటీ ఊడిపోయింది. రెండు రోజులు ఓ మూలన ఉన్నాను. బాపు ఫోన్‌లో చెప్పగలిగిన గుర్తు ఎర్రపేలిక ఒక్కటే, దాంతోనే దొరికాను. 2018 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన, విమాన సంస్థల సంఘం అయాటా 753వ తీర్మానం ప్రకారం ప్రతి పెట్టె జాడనూ నాలుగు చోట్ల నమోదు చేయాలి: విమాన సంస్థ చేతికి వచ్చినప్పుడు, విమానంలోకి ఎక్కినప్పుడు, మరో విమానానికి మారేచోట, తిరిగి యజమానికి అందినప్పుడు. ఆ మూడో చోటు విలువ నాకు తెలుసు.

మా ఇంటి బిడ్డ నాచుపల్లిలోని జేఎన్టీయూ కాలేజీలో చదివింది. నన్ను అడ్డంగా పెట్టి, నా మీద లాప్‌టాప్ పెట్టుకుని చదివిందల్లా బాపుకు చెప్పేది. డెన్వర్ కథ విన్న రాత్రి నాకు వణుకు పుట్టింది. అమెరికాలోని ఆ విమానాశ్రయంలో మనిషి చేయి తగలకుండా పెట్టెలను చిన్న బండ్ల మీద పరుగెత్తించే యంత్రం కట్టారు. 1994లో విలేకరుల ముందు నడిపి చూపితే పెట్టెలు ఎగిరిపడ్డాయి, చినిగాయి, బట్టలు చెల్లాచెదురయ్యాయి. విమానాశ్రయం పదహారు నెలలు ఆలస్యంగా 1995 ఫిబ్రవరిలో తెరుచుకుంది. 2005లో ఆ యంత్రాన్నే వదిలేసుకున్నారు. శంషాబాద్ తెరిచిన నాలుగు రోజులకే లండన్ హీత్రోలో అయిదో టెర్మినల్ తెరిచారు. కట్టడం పనులు ఆలస్యమై ఆఖరి పరీక్షలు కుదించుకున్నారు. మొదటి పొద్దున సిబ్బందికి బండ్లు నిలిపే చోటే దొరకలేదు, ఆ తర్వాతి కొన్ని రోజుల్లో పెట్టెలు వేలల్లో పేరుకుపోయాయి, విమానాలు వందల్లో రద్దయ్యాయి.

ఇంకొకటి మా ఇంటికి దగ్గరి సంగతి. గుండ్రటి మూటలు, వంకరటింకర సామాన్లు తీసుకోబోమని, ఒక వైపైనా చదునుగా ఉండాలని 2017 మార్చి 8 నుంచి దుబాయి విమానాశ్రయం నియమం పెట్టింది. అక్కడ పెట్టెలు నడిచే బెల్టులే 140 కిలోమీటర్లు. ఒక మూట దొర్లి ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగుతాయి. నియమం న్యాయమైనదే. కాని కంబళ్లను దుప్పట్లో చుట్టి తాడు బిగించే మనిషికి ఆ సంగతి తెలిసేది కౌంటర్ ముందు నిలబడ్డాకే అయితే ఎట్లా? బెల్టుకు ఇముడుతుందో లేదో మూట కట్టేచోటే చూసుకునే వీలుండాలి కదా.

ఆ ఆలోచనతోనే బిడ్డ 2019 చలికాలంలో కోరుట్లలో ఒక ఫంక్షన్ హాల్ అడిగి తీసుకుని, అందులో ఉత్తుత్తి విమానాశ్రయం పరిచింది. పెళ్లి లేని రెండు రోజులు. భోజనాల బల్లలు కౌంటర్లయ్యాయి. నాకు పేలిక కట్టిన సిరిసిల్ల బావ తెచ్చిన నూలు దారాన్ని కుర్చీలకు కట్టి వరుసలు గీశారు. బ్యాండువాళ్ల మైకు ప్రకటనలకు. కాలేజీ స్నేహితులు, గల్ఫ్ విమానాశ్రయంలో లోడర్‌గా చేసి వచ్చిన ఒకాయన, సెలవు మీద వచ్చిన దుబాయివాళ్లు, మొదటిసారి పోబోతున్న పిల్లలు, వాళ్ల తల్లులు అందరూ అందులో పాలుపంచుకున్నారు. పెట్టెల తరఫున నేను. ఎవరికీ దారి చెప్పకూడదు, ఎవరి అడుగు ఎక్కడ ఆగితే అక్కడ నేల మీద ఒక ఎర్రపేలిక పెట్టాలి, ఇదే ఆమె పెట్టిన కట్టుబాటు.

ఇమిగ్రేషన్ బల్ల ముందే పేలికలు ఎక్కువ పడతాయనుకుంది. కాని గుమ్మం దాటగానే, విమానాల నంబర్లు రాసిన బోర్డు ముందు కుప్పపడ్డాయి. "నాకు బోర్డు సదవరాదు బిడ్డా, రంగు జెప్పు, పోతా" అంది ఒక అవ్వ. మర్నాడు నంబర్ల పక్కన విమాన సంస్థ రంగు, గుర్తు పెట్టారు. తెలుగులో నిదానంగా పిలిచారు. బోర్డు ముందు పేలికలు తగ్గాయి గాని తనిఖీ ట్రేల దగ్గర పెరిగాయి. నడుం పట్టీ, చెప్పులు చేతుల్లో పట్టుకుని పెద్దవాళ్లు నిలబడిపోయారు, కూర్చుని వేసుకోవడానికి ఒక్క కుర్చీ లేదు. ఒకచోట ముడి విప్పితే రద్దీ తర్వాతి చోటికి జరుగుతుంది. ఒక్కొక్క కౌంటర్‌నే విడిగా చక్కబెట్టేవాళ్లకు ఇది కనిపించదు. మొత్తం దారిని ఒక్క కప్పు కింద పరిచి, నిజం మనుషులను నడిపించాలి.

బాపు మాత్రం ఎక్కడా ఆగలేదు. బిడ్డ సంతోషపడింది. ఆయన కాసేపు ఊరుకుని అన్నాడు: "నేను బోర్డు సూసి నడువలే బిడ్డా. ఇరవై ఏండ్లు ముందటోని ఎనుక నడిచిన. వాడు తప్పుతె నేనూ తప్పినట్టే." ఆ అమ్మాయి అప్పటిదాకా రాసుకున్న కాగితాన్ని పక్కన పెట్టింది. కెమెరాకు ఆయన సాఫీగా నడిచే ప్రయాణికుడు. లెక్కల్లో ఆయన భయం ఎక్కడా పడదు. మనిషిని కూర్చోబెట్టి అడిగితేనే తెలుస్తుంది.

హైదరాబాద్‌కు కొత్తవి పరీక్షించడం కొత్త కాదు. ముఖం చూసి లోపలికి పంపే పద్ధతిని శంషాబాద్‌లో 2019 జూలైలో ప్రయత్నించారు. 2022 డిసెంబర్ 1న డిజియాత్ర పేరుతో అది దేశంలో ముందు మూడు విమానాశ్రయాల్లో మొదలైంది, కాని దేశం లోపలి ప్రయాణాలకు. అక్షరం రాని మనిషికి అంతకంటే మేలైన సాధనం ఏముంటుంది? దాని అవసరం అందరికంటే ఎక్కువున్న దుబాయి వరుసకు అది అప్పుడు అందలేదు.

ఇలా ముందే నడిపి చూసేందుకే అమెరికాలో నాసా ఏమ్స్ కేంద్రం 1999లో ఫ్యూచర్‌ఫ్లైట్ సెంట్రల్ అని ఒక గది కట్టింది. చుట్టూ తెరలు, మధ్యలో అసలుదాని కొలతల్లో కంట్రోల్ టవర్ గది. లాస్ ఏంజిలిస్ రన్‌వేల చిక్కు విప్పడానికి ఆ ఊరి కంట్రోలర్లనే పిలిచి అందులో నిలబెట్టారు. నాకు నచ్చింది ఆ పిలుపే. మనకూ ఆ భాగ్యం ఉంది: నేను ఒకప్పుడు ఎగిరిన బేగంపేటలోనే భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ పౌర విమానయాన పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. గగనతల రద్దీని తెర మీద నడిపి చూసే ప్రయోగశాలలు, సైబర్ భద్రత ప్రయోగశాలలు అందులో భాగం.

ఆ కేంద్రంలో పనిచేసేవాళ్లకు నా మనవి ఒకటే. తెరలతో పాటు ఒక ఖాళీ హాలు ఉంచండి. గోడలు జరిగేవిగా, బల్లలు ఎత్తి పెట్టేవిగా, నేల మీద గీతలు చెరిపి మళ్లీ గీసేలా ఉండాలి. అందులో విమాన సంస్థలు, ఇమిగ్రేషన్, భద్రతా సిబ్బంది, లోడర్లు, విద్యార్థులు పక్కపక్కన నిలబడాలి. మొదటి పరీక్షకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒక బస్సు నిండా మనుషులను వాళ్ల మూటలతో సహా పిలిపించండి. ఆ రోజు కూలి కట్టివ్వండి. బాపు వస్తానన్నాడు.