సైకిళ్ళు అమ్మని మా మామ

ఆదోనిలో మా చిన్నమామ దగ్గర పాత సైకిలు కొనడంకంటే పిల్లనడగడం సులువు. కూతురి పెళ్ళప్పుడు అబ్బాయి ఉద్యోగం, ఊరు కనుక్కుని ఊరుకున్నాడు. సైకిలుకోసం వచ్చినవాణ్ణి మాత్రం అంత తేలిగ్గా వదలడు. "యాడ పెడతావప్పా, ఎండలోనా నీడలోనా? తొక్కేదెవరు? వెనక మూటలేమన్నా కడతావా?" మూటలంటే బేరం అక్కడికి సరి.

ఒకప్పుడు మూటలు కట్టడానికే ఇక్కడ సైకిలు కొనేవాళ్ళు. పత్తి మార్కెట్టు యార్డుకు, జిన్నింగు మిల్లులకు పనికి పోయేవాళ్ళదంతా సైకిలు బతుకే. అటు ఎమ్మిగనూరులో, మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సంఘం ఊరికంతా పని చూపించిన కాలంలో, నూలైనా నేసిన బట్టైనా క్యారియరెక్కాల్సిందే. ఇప్పుడా చాకిరీ టీవీఎస్ ఎక్సెల్ చేస్తోంది. పిల్లలకేమో గేర్ల సైకిళ్ళు కావాలి. మధ్యలో మిగిలింది మామ సరుకు: కడ్డీ బ్రేకుల హెర్క్యులిస్, డైనమో ఉన్న హీరో, రెండు అట్లాసులు. నెలకొకటి పోతే ఆ నెల పండగే.

అట్లాస్ మాట ఎత్తారా, పొద్దు గూకినట్టే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీ మూతపడింది. వార్త తెలిసి మామ రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. మూడో పూటకు తేరుకుని రెండు అట్లాసులమీదా చెరో ఐదొందలు పెంచాడు. "ఇంక తయారు కాదబ్బా ఈ సరుకు!" పెంచకముందు కొనేవాడు లేడు, పెంచాకా లేడు.

పొద్దున ఆయన పని చూసి తీరాలి. హబ్బు విప్పి, బేరింగు గుండ్లను డబ్బామూతలో కిరసనాయిలు పోసి కడుగుతాడు. అరచేతిలో దొర్లించి, అరిగినదాన్ని గోటితో పక్కకు తోసి, గ్రీజు పెట్టి బిగిస్తాడు. స్టాండు వేసి, పెడలు ఒక్క తిప్పు తిప్పి చేయి తీసేస్తాడు. చక్రం ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడేది మా అత్త ఒక్కతే. "ఇరవై ఏండ్లాయె ఆ తుప్పుకు నూనె పోయబట్టి. నా తలకు ఒక్క చుక్క తేలేదు!"

ఆ అత్త పోరు పడలేకే నేను ఫోన్లో ఫోటోలు పెట్టి ప్రకటన వేశాను. బళ్ళారి నుంచి ఒకాయన ఫోన్ చేసి, డబ్బులు వెంటనే పంపుతానన్నాడు. మామ ఫోన్ లాక్కున్నాడు. "వెనక రిమ్ము రవ్వంత వంకర ఉంటాది సామీ. ఫోర్కు ఒకసారి అతికిచ్చినాం. చెప్పలేదనుకోవద్దు." అవతల ఫోన్ ఎప్పుడు పెట్టేశాడో కూడా ఈయనకు తెలీదు, డైనమో గురించి చెబుతూనే ఉన్నాడు. నిజాయితీకైనా ఒక హద్దుండొద్దూ?

సర్కారు బడుల ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద సైకిళ్ళు పంచిన రోజుల్లో ఒకడు అలాంటిదే తోసుకుంటూ వచ్చి, సగం ధరకిస్తానన్నాడు. కొంటే మామకు లాభమే. "పాప బడికి ఎట్ల పోతాది?" అని అడిగి, టైర్లకు గాలి కొట్టి, వెనక్కి పంపాడు. ఆ గాలికి డబ్బులు కూడా తీసుకోలేదు. ఇలాంటప్పుడు ఆయన్ని ఏమనాలో నాకు తోచదు.

అయినా ఆయన్ని అని ఏం లాభం? మా ఇంటి వసారాలో నా బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ ఏళ్ళ తరబడి గాలి లేకుండా పడి ఉంది. పక్కింటి కుర్రాడు అడిగితే, "ఆలోచించి చెప్తాలే" అన్నాను. వాడిప్పుడు కాలేజీ కూడా ముగించాడు.

పాత సైకిలు కావాల్సినవాళ్ళు తప్పకుండా ఆదోని రండి. మంగళవారం, అమావాస్య అమ్మడు, అవి వదిలేయండి. చెప్పిన ధరకు వెంటనే ఒప్పుకోకండి. తక్కువ చెప్పానేమో అని అనుమానం పుట్టి మళ్ళీ లోపల పెట్టేస్తాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకు, మా అత్త ఒక్కతే అంగట్లో ఉన్నప్పుడు వస్తే అన్నిటికన్నా మేలు. ఆమె అడిగినంతకే ఇస్తుంది, పంపు కూడా ఊరికే ఇస్తుంది.