చదరంగం చచ్చిపోయిందట, ఖమ్మంలో తేల్చేశారు

ఖమ్మం వైరా రోడ్డు పక్కన ఏ టీకొట్టుకు వెళ్లినా ఒక పెద్దాయన ఉంటాడు. క్రికెట్, వరి ధర, అమెరికా వీసాలు, అన్నిటి మీదా ఆయన దగ్గర తీర్పులు సిద్ధం. ఈమధ్య చదరంగం కూడా ఆయన పరిధిలోకి వచ్చింది. ఒక్క టీ తాగేలోపు దాని మీద మూడు తీర్పులిస్తాడు. పిల్లలకు చెస్ నేర్పించాలి, బుర్ర పదునెక్కి ఐఐటీ వస్తుంది. మన ఇరిగేశి అర్జున్ పని ఇక అయిపోయింది. అసలు కంప్యూటర్ వచ్చాక చెస్‌కు విలువేముంది, అది చచ్చిపోయిన ఆట. చచ్చిపోయిన ఆటను మనవడికెందుకు నేర్పిస్తున్నావయ్యా అని ఎవరూ అడగరు. అడిగితే టీ డబ్బులు మనమే ఇవ్వాల్సొస్తుంది.

మొదటి తీర్పుకు ఊరంతా సాక్ష్యమే. వేసవి వచ్చిందంటే కూడళ్ల నిండా ఫ్లెక్సీలు: అబాకస్, వేదిక్ మ్యాథ్స్, చెస్, చేతిరాత. నాలుగూ ఒకే గదిలో, ఒకే ఫీజుకు. చదరంగం అక్కడ లెక్కల మాస్టారి సంచి మోసే కుర్రాడు. లెక్కలొచ్చేదాకా ఉంటాడు, తర్వాత పంపించేస్తారు. ఎనిమిదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ మొదలవగానే బోర్డు అటక ఎక్కుతుంది. ఇంతా చేసి ఆ కుర్రాడు మోసుకొచ్చిన లెక్కలెన్ని? ఇంగ్లాండులో వంద ప్రాథమిక పాఠశాలలతో ఓ ప్రయోగం చేశారు. కొన్ని బడుల పిల్లలకు చదరంగం పాఠాలు చెప్పారు, కొన్నిటికి చెప్పలేదు, ఏడాది ఆగి లెక్కల మార్కులు పోల్చారు. 2016లో వచ్చిన నివేదిక ప్రకారం తేడా ఏమీ లేదు. ఈ సంగతి ఫ్లెక్సీ వేసేవాడికి తెలిస్తే చెస్ తీసేసి ఆ జాగాలో రోబోటిక్స్ పెడతాడు. అంతకుమించి నష్టమేమీ ఉండదు. మన ఊళ్లలో గుడి మండపాల బండల మీద పులిజూదం గీతలు గీసుకుని ఆడినవాళ్లను, దీనివల్ల ఎంసెట్‌లో ఎంత ర్యాంకు వస్తుందని ఎవరూ నిలదీయలేదు. మేకలు పులిని కట్టేశాయా లేదా, అదే వాళ్లకు ముఖ్యం.

ఇక రెండో తీర్పు. అర్జున్ వరంగల్‌లో పుట్టాడు, మనకు మూడు గంటల బస్సు దారి. అందుకని ఆయన మీద జోస్యం చెప్పే హక్కు మనకు పుట్టుకతోనే వచ్చినట్టు లెక్క. వర్షాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి మట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. పెద్దాయన అర్జున్ రేటింగ్‌ను సరిగ్గా అట్లాగే చదువుతాడు, కాకపోతే తలకిందులుగా. ఏరు తీస్తే జనం ఊపిరి పీల్చుకుంటారు. రేటింగ్ పది పాయింట్లు తీస్తే పెద్దాయన పునరావాస కేంద్రం తెరుస్తాడు.

సంగతి చూద్దాం. పధ్నాలుగేళ్లకే, 2018లో, అర్జున్ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద పదకొండు ఆటలకు పది పాయింట్లు తెచ్చాడు. భారత జట్టుకు స్వర్ణం, బోర్డు స్వర్ణం ఆయనకు. ఆ జట్టులో గుంటూరు పెంటేల హరికృష్ణ ఉన్నాడు, అక్కడే స్వర్ణం గెలిచిన అమ్మాయిల జట్టులో ద్రోణవల్లి హారిక ఉంది. అదే ఏడాది డిసెంబరు జాబితాలో అర్జున్ రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 గీత దాటిన భారతీయుడు ఆయనొక్కడే. అప్పుడు పెద్దాయన, మనోడు రేపో మాపో ప్రపంచ చాంపియన్ అన్నాడు. తర్వాత రేటింగ్ 2800 కిందికి దిగింది. 2025 నవంబరులో గోవా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో చైనా వీ యీ చేతిలో టైబ్రేక్‌లో ఓడాడు, క్యాండిడేట్స్ టోర్నీ బెర్తు మళ్లీ చేజారింది. మర్నాటికల్లా టీకొట్టు దగ్గర సంతాపసభ. నెలన్నర తిరగకముందే దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింట్లోనూ కాంస్యాలు గెలిచాడు. సంతాపసభ రద్దయినట్టు మాత్రం ప్రకటన రాలేదు.

నా మాట అడిగితే, అర్జున్ మీద నాకున్న అనుమానం ఒక్కటే. ఆయన గెలవడానికే ఆడతాడు. డ్రాతో సరిపెట్టుకునే చోట కూడా ఆటను చిక్కులో పెట్టి ముందుకు పోతాడు. 2800 తెచ్చింది ఆ గుణమే, నాకౌట్ పోటీల్లో ఇంటికి పంపేదీ అదే కావచ్చు. ఇరవై రెండేళ్లవాడు. ఆ దూకుడు తగ్గించుకోవాలా వద్దా అన్నది ఆయన తేల్చుకుంటాడు, మన తీర్మానం అక్కర్లేదు. కోనేరు హంపినే చూడండి, 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయ్యాక ఆటకు కొన్నాళ్లు దూరమైంది. తిరిగొచ్చి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. ఈ మధ్యకాలంలో ఆమె పని ఎన్నిసార్లు అయిపోయిందో మన టీకొట్లు లెక్క రాసుకుని ఉంటే ఒక గ్రంథమయ్యేది.

మూడో తీర్పు మహా గంభీరం: ఫోన్‌లో ఉన్న చెస్ ప్రోగ్రామ్ ప్రపంచ చాంపియన్‌ను ఓడిస్తుంది, ఇంకెందుకు పోటీలు? ఈ వార్త పెద్దాయనకు కాస్త ఆలస్యంగా చేరింది. ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను డీప్ బ్లూ అనే కంప్యూటర్ ఓడించింది 1997లో. ఆట చావాలంటే అప్పుడే చావాలి. చావకపోగా, 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ కిరీటానికి ఆఖరి ఆట, పద్నాలుగోది, జరుగుతుంటే యంత్రాలన్నీ సమానం, సమానం అని చూపించాయి. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఎదురుగా చెన్నైలోని తెలుగింటి కుర్రాడు గుకేశ్, పద్ధెనిమిదేళ్లవాడు. చూసింది నిజమేనా అన్నట్టు ఆ పిల్లాడి మొహం మారడం లోకమంతా చూసింది. ఆ తర్వాత ఆరు నెలలకు, 2025 జూన్‌లో, నార్వేలో అదే గుకేశ్ చేతిలో గెలిచే ఆట పోగొట్టుకుని ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్ బల్లను గుద్దాడు. యంత్రం చేతిలో ఓడి బల్ల గుద్దేవాణ్ని నేనింతవరకు చూడలేదు. యంత్రం ఏ ఎత్తు వేస్తుందో తెలుసుకోవడానికి పోటీ అక్కర్లేదు. మనిషి ఏం తప్పు చేస్తాడో తెలియదు కాబట్టే కుర్చీలు వేస్తారు.

నిజానికి యంత్రం వల్ల చదరంగం చచ్చిపోలేదు, చవకైంది. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ఉచితం. ఒకప్పుడు సోవియట్ శిక్షకుడి దగ్గర కూర్చుంటే గానీ దొరకని విశ్లేషణ ఇప్పుడు సిగ్నల్ ఉంటే భద్రాచలం అవతలి చర్లలోనూ దొరుకుతుంది. సిగ్నల్ ఉంటే అన్నాను. చెట్టెక్కితే వచ్చే సిగ్నల్ కూడా సిగ్నలే అనుకుందాం.

చవక కానిది పోటీ. అంతర్జాతీయ సమాఖ్య 2024 మార్చి నుంచి రేటింగ్ అట్టడుగు హద్దును 1400 చేసింది. ఆ మొదటి అంకె రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. ఛత్తీస్‌గఢ్ అంచున ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్లకు ఆ ఐదుగురు ఎక్కడ దొరుకుతారు? బస్సులో భద్రాచలం రావాలి. రైలెక్కాలంటే భద్రాచలం రోడ్ స్టేషన్‌కు పోవాలి, పేరులో భద్రాచలం ఉన్నా అది నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. ఆపైన హైదరాబాద్, లాడ్జి, ఎంట్రీ ఫీజు, వెంట ఒక పెద్దమనిషి. అదే పిల్ల భద్రాచలానికి కూతవేటు దూరంలోని ఎటపాకలో పుట్టి ఉంటే, 2014 రాష్ట్ర విభజనలో గీసిన గీత పుణ్యమా అని, ఆడాల్సింది ఆంధ్ర జట్టుకు. ఇన్నీ దాటి ఒకనాడు గ్రాండ్‌మాస్టర్ కావాలనుకుంటే 2500 రేటింగ్, విదేశీ ఆటగాళ్లుండే టోర్నీల్లో మూడు నార్మ్‌లు, విమాన టికెట్లు. ఈ దారిలో ఎక్కడా కంప్యూటర్ అడ్డు రాలేదు చూశారా. అయినా నేరం దానిమీదే వేస్తాం, అది ఎదురు మాట్లాడదు కాబట్టి.

మాట్లాడనివి ఇంకొన్ని ఉన్నాయి, శాలువాలు. గెలిచి వచ్చినవాడికి కప్పడానికి ఎన్నైనా దొరుకుతాయి. ఆ శాలువాల ఖర్చులో సగం పెట్టి ఏడాదికొక రేటింగ్ టోర్నీ భద్రాచలంలోనే పెట్టండయ్యా అంటే మాత్రం, చచ్చిపోయిన ఆటకు ఎందుకు దండగ అనే మూడో తీర్పు బయటికొస్తుంది. ఇప్పుడర్థమైంది, ఆ తీర్పును పెద్దాయన అంత భద్రంగా ఎందుకు దాచుకున్నాడో.

ఒకవేళ ఆ టోర్నీ ఎప్పటికైనా జరిగితే పెద్దాయన ఎంట్రీ ఫీజు నేను కడతాను. మొదటి రౌండులో ఎదురుగా చర్ల నుంచి వచ్చిన పదేళ్ల పిల్ల కూర్చుంటుంది. ఫోన్లు బయట పెట్టి రావాలి. మాట్లాడకూడదు. ఆయనకు ఆ రెండో నియమమే కష్టం.