బటన్... బటన్... బటన్

బషీర్‌బాగ్ చౌరస్తాలో ఎర్రలైటు పడితే ఆగాలని కళ్ళున్నవాళ్ళకే గుర్తుండదు. అలాంటిది, బాబూఖాన్ ఎస్టేట్ కనిపించేంత దూరంలో ఒక మేడలో మూడో అంతస్తున రాత్రి డ్యూటీ చేసే కుర్రాణ్ణి కంప్యూటరు రోజూ అడుగుతుంది: ‘ఈ బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో చూపించి మీరు మనిషేనని రుజువు చేసుకోండి’ అని. కుర్రాడు నాకు తమ్ముడి వరస. పుట్టుకతోనే చూపు లేదు.

వాడి ఉద్యోగం పేరు క్లౌడ్ సెక్యూరిటీ ఇన్సిడెంట్ రెస్పాన్స్. పేరుకి భయపడకండి. అద్దెకు తెచ్చుకున్న సర్వర్లలో దొంగ పడితే, ఏ గదిలో పడ్డాడో పసిగట్టి ఆ గదికి బయట గొళ్ళెం పెట్టడం, అంతే. ‘చీకట్లో కాపలా నాకు అలవాటేనన్నా, వెలుగు వీళ్ళ డాష్‌బోర్డుకే ఎక్కువైంది’ అంటాడు వాడు.

నిజానికి వాడు ఈ పనికే పుట్టినవాడు. సర్వర్లు రాసుకునే లాగులన్నీ అక్షరాలే. అక్షరాల్ని చదివి వినిపించడానికి ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు 2006లో మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది, పైసా ఖర్చు లేదు. వాడు దాన్ని ఎంత వేగంలో వింటాడంటే, పక్కన కూచున్న నాకు వడ్లమిల్లు ఆడుతున్నట్టుంటుంది. ఆ రొదలోంచే ‘ఈ తాళంచెవి ఈ వేళప్పుడు ఈ దేశంలో తిరగాల్సింది కాదే’ అని పట్టేస్తాడు.

అక్షరాలతో సరిపోయే పనిని అక్షరాలతో పోనిస్తే కంపెనీ పరువేం కాను? అందుకని లక్షలు పోసి కొత్త డాష్‌బోర్డు టూల్ కొన్నారు. తెర నిండా పెళ్ళిపందిరి. మధ్యలో తిరిగే భూగోళం, దాని మీద దేశాల మధ్య ఎగిరే బాణాలు, చుట్టూ ఎరుపు, నారింజ, పసుపు చుక్కలు. ఆ భూగోళం తిరగడం వల్ల ఒక్క దొంగైనా దొరికిన దాఖలా లేదుగానీ, క్లయింట్లు వచ్చినప్పుడు ఎండీగారు దాని ముందు నిలబడి ఫోటో దిగడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

స్క్రీన్ రీడర్ ఆ పందిట్లోకి అడుగుపెట్టి ఏం చెబుతుందో విన్నాను. ‘గ్రాఫిక్. గ్రాఫిక్. గ్రాఫిక్. బటన్. బటన్. బటన్.’ ఆ బటన్లలో ఒకటి సర్వర్‌ని వేరుచేసి దొంగను బంధించేది. ఇంకొకటి ‘ఇది ఉత్తుత్తి అలర్టే’ అని ఫైలు మూసేసేది. ఏది ఏదో దానికి తెలియదు, ఎందుకంటే పేరు పెట్టినవాడు లేడు. పోనీ లెక్కపెట్టుకుంటూ ఏడో బటన్ దాకా వెళ్తే, ముప్పై సెకన్లకోసారి తెర దానంతటదే కొత్తగా తెరుచుకుంటుంది. వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు వాడు మళ్ళీ మొదటి గళ్ళో.

ఇది చూపులేనివాళ్ళ గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించే మగాళ్ళు అదే హాల్లో ఉంటారు, పైకి చెప్పరు. చెయ్యి వణికేవాడు మౌసుతో గీత లాగి చూడాల్సిన కాలాన్ని ఎంచుకోవాలి. చెవులు వినబడనివాడు అర్ధరాత్రి పదిమంది ఒకేసారి అరిచే కాన్ఫరెన్స్ కాల్లో ఉండాలి, కింద అక్షరాలేమీ పడవు.

టూల్ అమ్మినవాణ్ణి అడిగారు. ‘అందరికీ అందుబాటు సార్, వంద శాతం’ అన్నాడు. రుజువుగా తెర మూలన నీలం గుండ్రంలో చేతులు చాచిన మనిషి బొమ్మ చూపించాడు. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. చూపే లేనివాడికి పెద్దక్షరాలు! అమెరికాలో యాక్సెసిబీ అనే కంపెనీ ఇలాగే ఒక ప్లగిన్ తగిలిస్తే ఏ వెబ్‌సైటైనా ప్రమాణాలకు సరితూగుతుందని చెప్పుకుంటే, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో పది లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పించింది. ఇక్కడ ఆ బొమ్మ చూసి పర్చేజ్ ఆర్డరు మీద సంతకం పెట్టారు.

బొమ్మతోపాటు అమ్మినవాడు టూల్ అందుబాటు గురించి ఒక పత్రం కూడా ఇచ్చాడు. కీబోర్డుతో పనిచేస్తుందా? పాక్షికంగా. స్క్రీన్ రీడర్‌తో? పాక్షికంగా. ఈ మాట కనిపెట్టినవాడికి దండ వెయ్యాలి. ఆ మేడ లిఫ్టు కూడా పాక్షికంగానే పనిచేస్తుంది, రెండో అంతస్తు దాకా. ర్యాంపూ ఉంది. పన్నెండడుగుల పొడవుకి అడుగు ఎత్తు ఉండాల్సింది, నీళ్ళ డ్రమ్ములు దొర్లించడానికి కట్టినట్టుంటుంది. మొదటిసారి ఎక్కడయ్యా అంటే వాచ్‌మన్ నొచ్చుకున్నాడు: ‘ఉంది సార్, బండ్లు తీస్తే కనబడతది.’

చట్టం లేదా అంటే, వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. తర్వాతి ఏడు రాసిన నియమాల్లో 15(1) మాత్రం పాత మార్గదర్శకాలనే చూపించి ఊరుకుంది. చట్టం ‘చెయ్యాలి’ అంటే నియమం ‘చేస్తే బాగుంటుంది’ అంది. ఒకప్పుడు ఇక్కడికి దగ్గర్లో బర్కత్‌పురాలో మొదలై శామీర్‌పేటకు వెళ్ళిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి వికలాంగుల అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఆ నియమం చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. మన ఆఫీసులో ఈ వార్త కూడా పాక్షికంగానే అందింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో పెట్టిన గడువు మాత్రం కంఠోపాఠం: దాడి గమనించిన ఆరు గంటల్లో కబురు పంపాలి. గడియారం దగ్గర ఎవరికీ రాయితీ లేదు.

మొన్నొక రాత్రి రెండున్నరకి నిజంగానే దొంగ పడ్డాడు. మావాడు డాష్‌బోర్డు జోలికి పోకుండా నేరుగా లాగులు విని పది నిమిషాల్లో పట్టేశాడు. గొళ్ళెం పెట్టాలంటే మాత్రం ఆ బటనే నొక్కాలి. హాల్లో ఇంకెవరూ లేరు. కిందికి ఫోన్ చేస్తే వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి, తాను చూడకూడని తెర ముందు వంగి, ‘పైనుంచి రెండోది ఎర్రగుంది సార్, నొక్కమంటరా?’ అన్నాడు. అదీ మన భద్రత.

మర్నాడు మేనేజరు మావాడి భుజం మీద చెయ్యేసి ఫోటో దిగి, ‘స్ఫూర్తిదాయకం’ అని లింక్డిన్‌లో పెట్టాడట. వాడు ఫోన్ తెరిచి నాకు వినిపించాడు.

‘ఇమేజ్. బటన్. బటన్.’