డబ్బు కడితేనే పేపరా? స్కాలర్లు వినకూడని సలహాలు

థీసిస్ దగ్గరపడేకొద్దీ పరిశోధక విద్యార్థికి సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువవుతారు. వాటిలో కొన్నిటిని నమ్మితే చేతిలో డబ్బూ పోతుంది, ఏళ్ల తరబడి చేసిన పనీ పోతుంది.

“కొన్ని వేలు కట్టెయ్, వారంలో పేపర్ పడిపోతుంది.” అన్నిటికన్నా ప్రమాదమైన మాట ఇది. సమీక్షకుడు పేపర్ చదివి, లెక్కలు సరిచూసి, లోపాలు చెప్పి, మీరు దిద్ది పంపడానికి వారం చాలదు. సమీక్షే జరగనప్పుడు మీరు కొన్నది వెబ్‌సైట్‌లో కాస్త చోటు, అంతే. ఈ వ్యాపారంలో మన హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినిపించడం నాకు బాధ. ఇక్కడి ఓమిక్స్ సంస్థ సమీక్ష గురించీ ఫీజుల గురించీ పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది. పేపర్ వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకునేవారు కాదన్నది ఆ కేసులో ఒక ఆరోపణ. ఒకచోట అచ్చయిన పేపర్‌ని మంచి పత్రికేదీ మళ్లీ తీసుకోదు.

“పేపర్ పడకపోతే పీహెచ్‌డీ రాదు.” యూజీసీ ఆ షరతును 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో కనుక్కోండి.

“ఫీజు ఎంత ఎక్కువైతే పత్రిక అంత గొప్పది.” 2021లో ‘నేచర్’ పత్రిక ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునే పద్ధతి) మొదలుపెట్టినప్పుడు ఫీజు 9,500 యూరోలు, అంటే 8 లక్షల రూపాయల పైమాటే. నెలకు 37,000 వచ్చే జేఆర్‌ఎఫ్ స్కాలర్‌కి దాదాపు రెండేళ్ల ఫెలోషిప్. అదే పత్రికలో చందా పద్ధతిన అచ్చయితే రచయిత పైసా కట్టక్కర్లేదు. గొప్పతనం ఫీజులో లేదు.

“డబ్బు కట్టకపోతే నీ పరిశోధన అందరికీ అందదు.” మంచి మనసున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. భౌతిక శాస్త్రవేత్తలు 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండారంలో పేపర్లను ఉచితంగా పెడుతూనే ఉన్నారు. ఆమోదం పొందిన ప్రతిని యూనివర్సిటీ రిపాజిటరీలో పెట్టుకోవడానికి చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. కొన్ని గడువు పెడతాయి. సంతకం చేసేముందు ఆ నిబంధన చదవండి.

“వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చిందిగా, ఇంకా ఓపెన్ యాక్సెస్ ఎందుకు?” పత్రికల చందాలు కట్టే 6,000 కోట్ల రూపాయల ఆ పథకం ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల కోసం. ప్రైవేటు కాలేజీ లెక్చరర్, పల్లెలో ప్రాక్టీసు చేసుకునే డాక్టర్ దాని బయటే ఉన్నారు.

గైడ్‌లకు ఒక మనవి: ఫీజు విద్యార్థి జేబులోంచి కట్టించకండి. పేపర్ ఎక్కడికి పంపాలో పక్కన కూర్చుని చెప్పండి.